ఎక్సెల్ ఫోర్‌కాస్ట్ షీట్: టిఫిన్ సెంటర్ లెక్కకు ఎంతవరకు ఆనుతుంది?

ఆదివారం తొమ్మిదిన్నరకే "ఇడ్లీ అయిపోయిందండీ" అనే టిఫిన్ సెంటరే మంగళవారం పదకొండింటికి అరబకెట్ పిండి మిగుల్చుకుని కూర్చుంటుంది. తప్పు మాస్టర్‌ది కాదు. మినపప్పు నానడానికి నాలుగైదు గంటలు, రుబ్బడానికి గంటో రెండు గంటలో, పులియడానికి రాత్రంతా పడుతుంది. అంటే ఆదివారం పొద్దున ఎన్ని ప్లేట్లు పోతాయో శనివారం మధ్యాహ్నానికే ఎవరో ఒకరు తేల్చి చెప్పాలి. చాలాచోట్ల ఆ తేల్చడం "పోయిన వారం ఎంత వేశాం?" అన్న ఒక్క ప్రశ్నతో సరి.

దీనికి విడిగా సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు, ఎక్సెల్‌లోనే ఉంది అనేవాళ్లు చూపించేది ఫోర్‌కాస్ట్ షీట్, పాత అమ్మకాలు చూసి రాబోయే రోజుల అంకెలు అంచనా కట్టే బటన్. విండోస్ ఎక్సెల్‌లో 2016 వెర్షన్‌తో వచ్చింది. డేటా ట్యాబ్‌లో ఉంటుంది, తేదీలు, ప్లేట్లు ఉన్న రెండు కాలమ్‌లు సెలెక్ట్ చేసి నొక్కడమే. ఇక్కడ దాన్ని ఒకే వాడకం కోసం తూచి చూస్తున్నాం: పొద్దున ఐదు నుంచి పదకొండు దాకా నడుస్తూ, రోజుకు రెండు వందల ప్లేట్ల ఇడ్లీ, ఇంచుమించు అన్నే దోసెలు అమ్మే మధ్యరకం టిఫిన్ సెంటర్. మార్కులు ముందే చెప్పేస్తే ఐదుకు మూడున్నర. రేపటి గిరాకీ చెప్పడంలో బాగానే పనిచేస్తుంది. ఆ గిరాకీని మీ పెనం, మీ ఇడ్లీ పాత్ర, మీ మనుషులు మోయగలరా అన్నది దానికి తెలియదు. ఆ సగం మీరే కట్టుకోవాలి. మొదటి సగం దగ్గరే ఆగిపోయినవాళ్లు ఇది పనిచేయదని తేల్చేస్తారు.

కింద వచ్చే ప్లేట్లు, గ్రాములు, నిమిషాలు ఉదాహరణకే. మీ అంకెలు మీరు తూచి, గడియారం చూసి రాసుకోవాలి.

డేటా దగ్గరే సగం పోతుంది

బిల్లింగ్ మెషిన్ నుంచి దించిన ఫైల్‌లో మొదటి గొడవ తేదీలు. కంప్యూటర్ అమెరికా పద్ధతిలో నెల ముందు, రోజు తర్వాత చదివేలా ఉంటే 12-08-2025 అన్నది ఆగస్టు పన్నెండు కాకుండా డిసెంబర్ ఎనిమిది అయిపోతుంది. పదమూడో తేదీ నుంచి నెలాఖరు దాకా ఉన్నవి అసలు తేదీలే కాకుండా అక్షరాలుగా మిగిలిపోతాయి. అప్పుడు ఫోర్‌కాస్ట్ షీట్ తేదీల మధ్య ఎడం సమానంగా లేదని మొరాయిస్తుంది, లేదా ఇంకా ఘోరంగా, మొరాయించకుండా తప్పు గీత గీస్తుంది. ఫైల్ తెరవగానే తేదీ కాలమ్ సెలెక్ట్ చేసి, టెక్స్ట్ టు కాలమ్స్‌లోకి వెళ్లి, మూడో మెట్టులో డేట్ కింద రోజు-నెల-సంవత్సరం వరుస ఎంచుకోండి. కుడివైపుకు జరిగినవి తేదీలు, ఎడమవైపు అతుక్కున్నవి ఇంకా అక్షరాలే.

రెండోది ఈ టూల్‌లోకెల్లా పెద్ద ఉచ్చు. బిల్లుకో వరుస ఉన్న ఫైల్‌ని అలాగే ఇస్తే ఒకే తేదీ వందసార్లు వస్తుంది. ఆప్షన్స్ తెరిచి చూస్తే ఒకే తేదీ మళ్లీ మళ్లీ వచ్చినప్పుడు ఏం చేయాలన్న చోట డిఫాల్ట్‌గా యావరేజ్ ఉంటుంది. అంటే అది చూపించేది రోజుకు ఎన్ని ప్లేట్లు అని కాదు, బిల్లుకు ఎన్ని ప్లేట్లు అని. గ్రాఫ్ ముచ్చటగానే ఉంటుంది, అంకె మాత్రం రెండూ మూడూ దగ్గర తచ్చాడుతుంది. దాన్ని సమ్‌కు మార్చాలి. అంతకన్నా మేలు, పివట్ టేబుల్‌తో (వరుసలను తేదీల వారీగా కూడి చూపే ఎక్సెల్ పట్టిక) రోజువారీ మొత్తం ముందే తీసుకుని ఆ రెండు కాలమ్‌లే ఇవ్వడం.

మూడోది సెలవులు. మధ్యలో లేని తేదీలను అటూ ఇటూ ఉన్న అంకెల సగటుతో పూడ్చడం దీని డిఫాల్ట్. మొత్తం తేదీల్లో 30 శాతం దాకా లేకపోయినా సర్దుకుంటుంది. బంద్ రోజుకు ఆ పూడ్చడం మంచిదే, ఎందుకంటే ఆ రోజు గిరాకీ లేక కాదు, మీరు తెరవక. కానీ ప్రతి సోమవారం షాపు మూసేవాళ్లకు అదే ఆప్షన్ సోమవారం కూడా నూట ఎనభై ప్లేట్లు పోతాయని చూపిస్తుంది. ఆప్షన్ కాలమ్ మొత్తానికీ ఒకటే కాబట్టి దారి ఇదొక్కటే: వారపు సెలవుకు సున్నా మీరే టైప్ చేయండి, బంద్ లాంటి అనుకోని రోజుల వరుసను తీసేయండి.

వీటన్నిటికన్నా లోతైన తప్పు మరొకటి ఉంది, దాన్ని ఏ ఆప్షనూ పట్టుకోదు. ఫైల్‌లో ఉన్నది అమ్మకం. మీకు కావలసింది గిరాకీ. ఆదివారం తొమ్మిదిన్నరకు ఇడ్లీ అయిపోతే ఆ రోజు లెక్కలో 140 ప్లేట్లే ఉంటాయి. టూల్ ఆదివారం గిరాకీ 140 అని నేర్చుకుంటుంది, వచ్చే ఆదివారం 140కే పిండి వేయమంటుంది, మళ్లీ తొమ్మిదిన్నరకే అయిపోతుంది. అంచనా నూటికి నూరు పాళ్లు నిజమైనట్టు కనిపిస్తుంది కూడా! అందుకే "అయిపోయింది" అన్న టైమ్ గల్లా దగ్గరి పుస్తకంలో రాయాలి. తర్వాత లెక్క సులువు. సరుకు ఉన్న ఆదివారాల్లో తొమ్మిదిన్నరకల్లా రోజు మొత్తంలో 70 శాతం అమ్ముడవుతుందనుకుందాం. అయిపోయిన రోజు 140ని 0.70తో భాగిస్తే 200. ఫైల్‌లో 140 కొట్టేసి 200 వేసి, అప్పుడు ఫోర్‌కాస్ట్ షీట్‌కు ఇవ్వండి. ఈ ఒక్క దిద్దుబాటు లేకుండా మిగతావన్నీ ఎంత జాగ్రత్తగా చేసినా దండగ.

బటన్ నొక్కాక

సీజనాలిటీని, అంటే ఎన్ని రోజులకోసారి అదే తీరు తిరిగొస్తుందో దాన్ని, దానంతటదే కనిపెట్టమంటే, రెండు మూడు వారాల డేటా ఉన్నప్పుడో అంకెలు బాగా ఎగుడుదిగుడుగా ఉన్నప్పుడో కనిపెట్టలేక తిన్నగా ఒక గీత గీసి ఊరుకుంటుంది. టిఫిన్ వ్యాపారానికి వారమే లయ. మాన్యువల్‌గా 7 వేయండి. కనీసం రెండు చక్రాల డేటా ఉండాలన్నది దాని నియమం, ఎనిమిది వారాలు లేనిదే ఆ అంకెను నమ్మి పప్పు నానబోయకపోవడం మా సలహా.

ఫోర్‌కాస్ట్ స్టార్ట్ తేదీని ఆఖరి తేదీ దగ్గర కాకుండా నాలుగు వారాలు వెనక్కి పెట్టి చూడటం మరిచిపోవద్దు. అప్పుడది ఆ నాలుగు వారాలు తనకు తెలియనట్టే అంచనా వేస్తుంది, అసలు అమ్మకం పక్కనే ఉంటుంది. ఇంకో కాలమ్‌లో పోయిన వారం అదే రోజు అంకె రాసి, రెండింటి తప్పులూ కూడి పోల్చండి. "పోయిన వారం ఎంత?" అన్న పాత పద్ధతిని ఓడించలేని చోట ఈ హంగామా అనవసరం. ఒకే కాలేజీ క్యాంటీన్ లాంటి నిలకడ వ్యాపారాల్లో నిజంగానే ఓడించలేదు.

లోపల నడిచేది ఎక్స్‌పొనెన్షియల్ స్మూతింగ్ (కొత్త అంకెలకు ఎక్కువ, పాతవాటికి తక్కువ విలువ ఇచ్చే పద్ధతి), అందులో కూడికల రకం. ఆదివారం అంటే మామూలు రోజు మీద ఇన్ని ప్లేట్లు అదనం అని గుర్తుపెట్టుకుంటుంది తప్ప ఇంత శాతం అదనం అని కాదు. మామూలు రోజు 100, ఆదివారం 140 ఉన్న షాపు పెరిగి మామూలు రోజు 200కు వస్తే ఆదివారం 280 దాకా పోవాలి. ఇది 240 దగ్గర మొదలుపెట్టి మెల్లగా నేర్చుకుంటుంది. వేగంగా పెరిగే షాపుకు అది ఆదివారాల్లో కొరత. ప్లేట్ల కాలమ్‌కు లాగరిథమ్ (LN ఫంక్షన్) తీసి, దాని మీద అంచనా వేయించి, వచ్చినదాన్ని ఎక్స్‌పొనెంట్‌తో (EXP ఫంక్షన్) వెనక్కి తిప్పితే శాతాల లెక్క అవుతుంది. సున్నాకు లాగరిథమ్ లేదు కాబట్టి వారపు సెలవు వరుసలు అప్పుడు తీసేయాలి, సెలవు రోజుకు వచ్చే అంచనాను పట్టించుకోకూడదు. రోజుకు నాలుగైదు ప్లేట్లే పోయే ఐటెమ్‌లకైతే దీనితో అంచనాలే వేయొద్దు. మైనస్ రెండు ప్లేట్ల ఊతప్పం అని కూడా చెప్పగలదు.

ఇంకో చికాకు. అది తయారుచేసే కొత్త షీట్‌లో మీ డేటా కాపీ ఉంటుంది. అసలు షీట్‌లో రోజూ కొత్త అమ్మకం రాస్తూ పోయినా ఆ కాపీలోకి రాదు. వారం వారం బటన్ మళ్లీ నొక్కాలి, లేదా ఇదే పద్ధతిలో అంచనా వేసే ఫోర్‌కాస్ట్.ఈటీఎస్ (FORECAST.ETS) ఫార్ములాను మీ షీట్‌లోనే రాసుకోవాలి. రాసుకోవడమే మేలు. వరుసగా కావలసిన తేదీ, ప్లేట్ల కాలమ్, తేదీల కాలమ్, వారపు లయకు 7, ఖాళీలు పూడ్చడానికి 1, ఒకే తేదీవి కూడటానికి 7 ఇవ్వాలి. ఆఖరి స్థానంలో ఏమీ ఇవ్వకపోతే మళ్లీ పాత సగటు ఉచ్చే.

పంచాంగం తెలియని టూల్

ఒకసారికి ఒకే లయ పట్టుకోగలదు. 7 ఇస్తే ఏడాది తెలియదు, 365 ఇస్తే వారం తెలియదు. 365 ఇవ్వాలంటే రెండేళ్ల డేటా కావాలి, ఉన్నా మన పండగలకు అది పనికిరాదు. వినాయక చవితి 2024లో సెప్టెంబర్ 7న, 2025లో ఆగస్టు 27న వచ్చింది, 2026లో సెప్టెంబర్ 14న వస్తుంది. ఉగాది ఏప్రిల్ 9, మార్చి 30, మార్చి 19. అందులోనూ 2026లో అధిక జ్యేష్ఠం వచ్చి ఆ తర్వాతి పండగలన్నిటినీ ఆలస్యం చేసింది. పోయినేడు ఇదే తేదీ అన్న లెక్క ఇక్కడ కుదరదు. కార్తీకంలో ఉల్లి మానేసేవాళ్లు, గుడ్డు దోసె మానేసేవాళ్లు ఉంటారు. 2024లో ఆ మాసం నవంబర్ 2న మొదలైతే 2025లో అక్టోబర్ 22నే మొదలైంది. సంక్రాంతి తేదీ పెద్దగా కదలదు గానీ దిశ మారుతుంది: అమీర్‌పేట హాస్టళ్ల మధ్య షాపుకు ఆ నాలుగు రోజులూ గిరాకీ పడిపోతుంది, భీమవరంలో అదే వారం చుట్టాలతో కిటకిట.

దీనికి పద్ధతి ఉంది, కాస్త ఓపిక కావాలి. పండగ రోజుల వరుసలను అసలు డేటాలోంచి తీసి వేరే షీట్‌లో పెట్టండి, ఖాళీని టూల్ పూడ్చుకుంటుంది. వేరే షీట్‌లో తిథి, ఆ రోజు నిజంగా పోయిన ప్లేట్లు, పండగ లేకపోతే పోయేవన్న అంచనా రాసి మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. పోయిన ఉగాదికి 0.6 వచ్చిందంటే ఈ ఉగాదికి టూల్ చెప్పిన అంకెను 0.6తో గుణించాలి. రెండేళ్లకు ఈ షీట్ మీ మాస్టర్ అనుభవంతో పోటీ పడుతుంది. అప్పటిదాకా మాస్టర్ మాటే గెలవాలి.

అంకె నుంచి పిండికి

ఫోర్‌కాస్ట్ షీట్ గీసే మధ్య గీతను చూసి పిండి వేయడం సర్వసాధారణమైన పొరపాటు. మధ్య గీత అంటే సగం రోజులు అంతకన్నా ఎక్కువ అడుగుతారని. ఎటువైపు వాలాలన్నది డబ్బు చెప్పాలి. ప్లేటు ఇడ్లీ 40 రూపాయలు, సరుకు ఖర్చు 12 అనుకుందాం. ఒక ప్లేటు తక్కువైతే 28 పోతుంది, ఒకటి ఎక్కువైతే 12 పోతుంది. 28ని ఈ రెండు నష్టాల మొత్తం 40తో భాగిస్తే 0.70. అంటే పది ఆదివారాల్లో ఏడు సరిపోయేంత వేయాలి. టూల్‌లో కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు అంకె ఇన్ని శాతం సార్లు పై గీతకూ కింది గీతకూ మధ్య పడుతుందన్న హద్దు) 95 శాతం ఉంటుంది, దాన్ని 40 శాతానికి మార్చండి. పై గీత సరిగ్గా ఆ 0.70 దగ్గరికి వస్తుంది, ఎందుకంటే ఆ 40 శాతం మధ్య గీతకు అటు 20, ఇటు 20గా పంచుకుంటుంది. మధ్య గీత 220, దాని 95 శాతం పై గీత 275 ఉన్న ఆదివారానికి ఈ కొత్త పై గీత దాదాపు 235.

అయితే మిగిలిన ఇడ్లీ పిండి దండగ కాదు కదా. సాయంత్రం పునుగులో, దిబ్బరొట్టో అవుతుంది. అప్పుడు ఎక్కువైన ప్లేటుకు నష్టం 12 కాదు, 4 అనుకోండి. 28ని 32తో భాగిస్తే 0.875. ఇంటర్వెల్ 75 శాతం పెట్టాలి, పై గీత 252 దాకా పోతుంది. సాయంత్రం బండి ఉన్న షాపుకూ లేని షాపుకూ ఒకే గిరాకీ మీద పదిహేడు ప్లేట్ల తేడా. ప్లేటుకు మూడు ఇడ్లీలు, ఇడ్లీకి 60 గ్రాముల పిండి లెక్కన 235 ప్లేట్లకు 42.3 కిలోలు, 252కు దాదాపు 45.4 కిలోలు. ఇక్కడి నుంచి పప్పు, రవ్వ లెక్క మీ పాళ్లను బట్టి.

చట్నీకి ఇదంతా వద్దు. పావుగంటలో రుబ్బుకోగలిగినదానికి ముందురోజు అంచనా ఎందుకు? వాయికి కొంచెం చొప్పున రుబ్బుతూ పోవడమే. అంచనా అవసరమయ్యేది తయారీకి పట్టే టైమ్, కస్టమర్ ఓపికను మించినప్పుడే.

టూల్ చూడని సగం

రోజుకు 235 ప్లేట్లు అన్న అంకె పిండికి చాలు, పొయ్యికి చాలదు. జనం ఆరు గంటల మీద సమానంగా రారు. బిల్లు టైమ్‌ను ఫ్లోర్ ఫంక్షన్‌తో పావుగంటకు కుదించి, పివట్ టేబుల్‌లో ఏ పావుగంటకు రోజులో ఎంత శాతమో తీయండి. మామూలు రోజులకు ఒకటి, ఆదివారానికి ఒకటి. గంటల వారీగానే ఫోర్‌కాస్ట్ షీట్‌కు ఇచ్చి సీజనాలిటీ 24 పెట్టేవాళ్లున్నారు. అలా చేస్తే వారపు లయ పోతుంది, షాపు మూసిన గంటల సున్నాలు అంచనాను పాడుచేస్తాయి. రోజుకు అంచనా వేసి శాతాలతో పంచడమే నయం.

ఆదివారం ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర మధ్య 40 శాతం పోతుందనుకుందాం. టూల్ మధ్య గీత 220 మీద 88 ప్లేట్లు, అంటే 264 ఇడ్లీలు. పాత్ర వాయికి 72 పడుతుంది, ఆవిరికి పన్నెండు నిమిషాలు, తీసి పెట్టడానికి మూడు. గంటకు నాలుగు వాయిలు, 288. సరిపోయినట్టే ఉంది. కానీ ఆ గంటలో తొమ్మిది నుంచి తొమ్మిదింబావు దాకా 30 శాతం వస్తే అది 79 ఇడ్లీలు, వాయికి ఏడు తక్కువ. ఇడ్లీకి ఈ చిక్కు తప్పించుకోవచ్చు, ముందు వాయిలో మిగిలినవి హాట్ బాక్స్‌లో పావుగంట నిలుస్తాయి. రద్దీకి ముందే ఒక వాయి అదనంగా దించి ఉంచితే చాలు.

దోసె నిలవదు. పెనం మీద ఒకసారికి ఆరు, నాలుగు నిమిషాలు అంటే కాగితం మీద గంటకు 90. పెనం మీద నీళ్లు చల్లి తుడవడం, మళ్లీ వేడెక్కడం, మధ్యలో వచ్చే గుడ్డు దోసె, రవ్వ దోసెలు కలిపితే 75 దాటదు. రద్దీ పావుగంటలో గంటకు 100 లెక్కన ఆర్డర్లు పడితే పిండి ఎంత ఉన్నా లాభం లేదు, రెండో పెనం కావాలి. ఆదివారాలకే అయితే రెండో పెనం, దానికో మాస్టర్ గిట్టదు. ఆ గంటలో రవ్వ దోసె మెనూలోంచి తీసేయడం అంతకన్నా చవక, పెనం మీద ఎక్కువసేపు కూర్చునేది అదే.

బిల్లింగ్ కౌంటర్‌ను చాలామంది లెక్కలోకే తీసుకోరు. బిల్లుకు సగటున 30 సెకన్లు పడితే గంటకు గరిష్ఠంగా 120. గంటకు 96 మంది వస్తే కౌంటర్ 80 శాతం బిజీ, క్యూ సిద్ధాంతం ప్రకారం మనిషి సగటు ఎదురుచూపు రెండు నిమిషాలు. 108 మంది వస్తే 90 శాతం బిజీ, ఎదురుచూపు నాలుగున్నర నిమిషాలు. పన్నెండు మంది పెరిగితే ఎదురుచూపు రెండింతలు దాటింది. కెపాసిటీ 120 ఉంది కదా అని 110కి ప్లాన్ చేసేవాళ్లకు అర్థం కానిది ఇదే. మనుషులు వరుసగా అరనిమిషానికొకరు రారు, బస్సు దిగినట్టు పదిమంది ఒకేసారి వస్తారు. ఎక్కడైనా 80-85 శాతం దగ్గర ఆగే ప్లానే నిలబడుతుంది.

ఏ నిర్ణయానికి ఎంత ముందుచూపు కావాలో విడదీసుకుంటే అంచనా ఎంత దూరం వేయాలో తెలుస్తుంది. పిండికి ఒక రోజు. పాలు, దినకూలీ హెల్పర్లు, 19 కిలోల కమర్షియల్ సిలిండర్లకు వారం. గ్రైండర్, పెనం, మాస్టర్‌కు రెండు మూడు నెలలు. ఫోర్‌కాస్ట్ షీట్ మొదటి రెండింటికి బాగుంటుంది. మూడోదానికి దాని పై గీత, కింది గీత గొనె సంచి నోరంత వెడల్పవుతాయి. ఆ బొమ్మ చూపించి బ్యాంకు లోన్ అడక్కండి.

ఇంకేం ఉన్నాయి

గూగుల్ షీట్స్‌లోని ఫోర్‌కాస్ట్ ఫంక్షన్ సరళరేఖ ఒక్కటే గీస్తుంది, ఆదివారానికీ సోమవారానికీ తేడా తెలియదు. ఈ పనికి వద్దు. లిబ్రేఆఫీస్ క్యాల్క్ ఉచితం, 5.2 వెర్షన్ నుంచి ఇదే ఈటీఎస్ అందులో ఉంది. పైగా కూడికల రకం, గుణకాల రకం రెండూ వేర్వేరు ఫంక్షన్లుగా ఇచ్చింది, కాబట్టి పెరుగుతున్న షాపుకు లాగరిథమ్ తంటా లేదు. ఎక్సెల్‌లో లాగా ఒక్క బటన్‌తో గ్రాఫ్‌తో సహా షీట్ తయారుచేసే సౌకర్యం మాత్రం లేదు, ఫార్ములా చేత్తో రాయాలి. ఫార్ములా రాయగలిగినవాళ్లకు మా ఓటు దానికే. ఎక్సెల్ 2016, 2019 వాడేవాళ్లకు 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆగిపోయింది. ఫోర్‌కాస్ట్ షీట్ పనిచేస్తూనే ఉంటుంది గానీ సెక్యూరిటీ అప్‌డేట్లు రావు, బిల్లింగ్ మెషిన్‌తో ఒకే కంప్యూటర్ పంచుకునేవాళ్లు ఆలోచించాలి.

ఒకే వంటశాల నుంచి నాలుగైదు బ్రాంచీలకు పిండి పంపేవాళ్లకు ఎక్సెల్ చాలదు. బ్రాంచికో అంచనా, పండగ షీట్, అయిపోయిన టైమ్‌ల దిద్దుబాటు ఒక మనిషి చేత్తో చేసుకుంటూ పోతే రోజులో మూడు గంటలు దానికే పోతాయి, ఆ మనిషి సెలవు పెట్టిన రోజు అందరూ మళ్లీ "పోయిన వారం ఎంత?" దగ్గరికే వస్తారు. అలాంటివాళ్లు డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు అమ్మడానికి వచ్చినవాళ్లను అడగాల్సినవి రెండు: సరుకు అయిపోయిన గంటను ఇది ఎలా లెక్కలోకి తీసుకుంటుంది? తిథి ప్రకారం వచ్చే పండగలను మేం ఎక్కడ ఎక్కించాలి? ఈ రెండింటికీ స్క్రీన్ మీద చూపించి జవాబు చెప్పలేకపోతే ఎక్సెల్ మీదే ఇంకో ఏడాది గడపండి.